వాలులో పోయిన ఆయిల్

ఇంజన్‌లో ఏ లోపమూ లేదు, ఆయిల్ దానంతటది ఎక్కడికీ పోవడం లేదు అని నేను చెప్పిన గంటకే ఒక టిప్పర్ డ్రైవర్ను కొట్టారు. నేను అక్కడే ఉన్నాను.

అప్పటికి దాచేపల్లి దగ్గర రోడ్డుపక్కన నేను షెడ్డు పెట్టి ఏడెనిమిదేళ్లయింది. మాది రొంపిచెర్ల వైపు. మా నాన్న ట్రాక్టర్లు బాగుచేసేవాడు. నేను లారీల పనిలోకి వచ్చాను. సున్నపురాయి క్వారీల నుంచి వచ్చే టిప్పర్లతోనే నాకు తెల్లారేది, వాటితోనే పొద్దుగూకేది. శబ్దం వింటే చాలు, ఇంజన్ జబ్బు చెప్పేస్తాడని నా గురించి డ్రైవర్లు అనుకునేవారు. వాళ్లు అనుకుంటే అనుకున్నారు, నేను కూడా అదే అనుకోవడంతో వచ్చింది చిక్కంతా.

ఆ టిప్పర్ ఒక క్వారీ యజమానిది. ఆయనకు పదిబండ్లు ఉండేవి. ఒకప్పుడు మిరప వేసిన కుటుంబమే. చేలల్లో నుంచి రాయి తీయడం మొదలుపెట్టాక మనిషి మాట, చెయ్యి రెండూ బరువెక్కాయి. ఆ ఏడు ఆయన పాతగొయ్యి వదిలి ఇంకా లోతుగా కొత్తగొయ్యి తీయించాడు. అందులోకి దిగే ర్యాంపు ఎంత నిలువుగా ఉండేదంటే, లోడు బండి ఎక్కుతుంటే డ్రైవర్‌కు అద్దంలో నుంచి ఆకాశం తప్ప రోడ్డు కనపడదు. ఆ గోతిలోకి దిగడం మొదలైన దగ్గర్నించి ఈ ఒక్క బండికి ఆయిల్ తగ్గసాగింది. రెండురోజులకోసారి పొయ్యాల్సి వచ్చింది. యజమాని బండిని నా షెడ్డుకు పంపాడు.

నేను చూడవలసినవన్నీ చూశాననే అనుకున్నాను. కింద ఆయిల్ చాంబర్ బోల్టులు బిగువుగానే ఉన్నాయి. ఎక్కడా చెమ్మ లేదు. స్టార్ట్ చేసి అరగంట నిలబెట్టాను, బాగా రేజ్ చేశాను. పొగ నల్లగా రాలేదు, నీలంగానూ రాలేదు. బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. బ్రీదర్ అంటే ఇంజన్ లోపల పుట్టే గాలి బయటికిపోయే దారి. సన్నగా వేడిగాలి తగిలింది, అంతే. బండి వయసుకు అది మామూలే.

బండిని నేనే తోలుకెళ్లి క్రషర్ దగ్గర అప్పజెప్పాను. యజమాని అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏందని అడిగాడు. ఇంజన్ ఆయిల్ తాగడం లేదు, కార్చడమూ లేదు అని చెప్పాను. అక్కడితో ఆగితే సరిపోయేది. చుట్టూ నలుగురు వింటున్నారు కదా, నా తెలివి చూపించుకోవాలనిపించింది.

"ఇంజన్ తప్పు లేదు. ఇంక మిగిలింది మనిషే," అన్నాను.

ఆ మనిషి ఈపూరు వైపు నుంచి వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నాలుగేళ్లుగా అదే బండి మీద ఉన్నాడు. భార్యకు కూడా ఆ క్వారీలోనే పని. పేలుడు అయ్యాక చెదిరిన రాళ్లు ఏరి కుప్ప వేసే ఆడవాళ్లలో ఆమె ఒకతె. క్వారీ పక్కన రేకుల గదుల్లో ఉండేవారు.

భోజనాలవేళ అతణ్ని పిలిపించారు. అన్నం చేత్తోనే వచ్చాడు. యజమాని ఒక్కమాట అడిగాడు, ఆయిల్ ఎవరికి అమ్ముతున్నావని. తను తియ్యలేదన్నాడు. రెండోసారి అడగలేదు. ఇద్దరు మనుషులు చేతులు వెనక్కి విరిచి పట్టుకుంటే, తెగిపోయిన ఫ్యాన్ బెల్టు ఒకటి తీసుకుని యజమానే మొదలుపెట్టాడు. బెల్టు వీపు మీద పడ్డప్పుడల్లా చొక్కా మీద సున్నపు దుమ్ము లేచేది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో దుమ్ము లేవడం ఆగిపోయింది, చొక్కా తడిసింది. కిందపడ్డాక తన్నారు. లేవబోయి కుడిచెయ్యి నేల మీద ఆనించాడు. ఆ చేతి మీద జాకీ రాడ్డుతో కొట్టారు. ఆ చప్పుడు రాయి మీద రాయి పడ్డట్టు లేదు, ఎండుకట్టె విరిగినట్టు ఉంది.

అప్పుడు అతను నావైపు చూశాడు. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా. నేను తియ్యలా," అన్నాడు.

నా చేతిలో చేతులు తుడుచుకునే పీచు ఉంది. తుడుచుకుంటూ బండి ముందుటైరు వైపు చూస్తూ నిలబడ్డాను.

నరసరావుపేట ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారని తర్వాత తెలిసింది. రెండువేళ్లు విరిగాయి. స్టేషన్‌కు వెళ్లలేదు. ఉంటున్న గది యజమానిది, భార్య పని యజమాని దగ్గర. యజమాని అతణ్ని తరమలేదు కూడా. చేతికి ఎర్రగుడ్డ ఇచ్చి ర్యాంపు మధ్యలో నిలబెట్టాడు. ఎక్కే బండి, దిగే బండి ఎదురుపడకుండా గుడ్డ ఊపే పని. దొంగ అన్న మనిషిని అందరూ రోజూ చూసేలా పెట్టుకున్నాడని డ్రైవర్లు చెప్పుకున్నారు.

నాలుగురోజులకు అతని భార్య షెడ్డుకు వచ్చింది. నేను ఒక గేర్‌బాక్స్ కింద పడుకుని ఉన్నాను. ఆమె కాళ్లు కనిపించాయి, మోకాళ్లదాకా తెల్లటి దుమ్ము. బయటికి రాక తప్పలేదు. ఏడవడానికి వచ్చిందనుకున్నాను. ఏడవలేదు.

"నా మొగుడు దొంగని చెప్పింది నువ్వేనంటగా అన్నా," అంది.

నేను దొంగ అనలేదు, ఇంజన్ బాగుందన్నాను అని ఏదో గొణిగాను.

"బండిని ఈడ చదునుమీద నిలబెట్టి చూశావు. లోడేసుకుని ఆ ర్యాంపు ఎక్కి చూశావా? సగం ఎక్కినకాడ్నించి పైదాకా తెల్లదుమ్ములో నల్లచుక్కలు పడతన్నయ్యి. ఆ బండి ఎక్కినప్పుడే పడతన్నయ్యి. నేను రోజూ నడిచేది ఆ దారినే. నాకు కనపడవా?"

రాళ్లు ఏరే మనిషి నాకు ఇంజన్ గురించి చెప్పడం. ఒళ్లు మండిపోయింది. చేతిలోని స్పానర్ విసిరికొట్టాను. ఆమె మీదికి కాదు, పక్కనున్న డీజిల్ పీపా మీదికి. అది పీపాకు తగిలి ఎగిరి ఆమె పాదం మీద పడింది. బొటనవేలి దగ్గర చర్మం లేచి రక్తం వచ్చింది. ఆమె కొంగుతో అద్దుకుంది. వంగి స్పానర్ తీసి నా బల్లమీద పెట్టింది. కుంటుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా ర్యాంపు దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే ఏం కనపడుతుందో అని భయమేసింది.

టిప్పర్ మీదికి యజమాని తన మేనల్లుణ్ని ఎక్కించాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషే కానీ తోలడం కొత్త. వారం తిరగకముందే ఆయిల్ మళ్లీ తగ్గింది. ఈసారి దొంగ అనడానికి లేదు, ఇంటి మనిషి. యజమాని జీపు నా షెడ్డు ముందు ఆగింది. దిగుతూనే నా చొక్కా పట్టుకుని షెడ్డులో ఉన్న ఒక లారీ బంపర్‌కు ఆనించి గొంతు నొక్కాడు. "మనిషే తీశాడన్నావు గదరా. నా మేనల్లుడు కూడా దొంగేనా, చెప్పు," అన్నాడు. ఊపిరాడక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వదిలేశాక నేను దగ్గుతూ చెప్పిన మాట ఒకటే, రేపు నేను బండెక్కుతానని.

మర్నాడు పొద్దున క్వారీకి వెళ్లాను. ప్లాస్టిక్ నీళ్లసీసా ఒకటి సగానికి కోసి, బ్రీదర్ పైపు మూతికి తీగతో కట్టాను. గోతి అడుగున బండి నిండా రాయి వేయించి, మేనల్లుడి పక్కన కూర్చున్నాను. బండి ర్యాంపు మొదట్లో ముక్కు పైకెత్తింది. మొదటి గేరు, యాక్సిలేటర్ అడుగుదాకా. ఇంజన్ గుద్దుకుంటున్నట్టు మోగుతుంటే బండి ఎక్కింది. మధ్యలో ఎర్రగుడ్డ పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. నావైపు చూడలేదు. పైకి చేరాక దిగి చూశాను. సీసాలో మూడోవంతు నల్లటి ఆయిల్ ఉంది. వేడికి సీసా అడుగు మెత్తబడి సాగింది.

విషయమంతా అప్పుడు అర్థమైంది. ముక్కు పైకిలేస్తే చాంబర్‌లోని ఆయిల్ అంతా ఇంజన్ వెనకవైపుకు చేరుతుంది. ఆ బండికి బ్రీదర్ వెనకవైపే ఉంది. పిస్టన్ రింగులు కొంత అరిగాయి కనుక లోడు లాగేటప్పుడు పొగ కిందికి తన్నుతుంది. దాన్నే మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఆ ఒత్తిడి ఆయిల్‌ను బ్రీదర్ గుండా బయటికి తోసేస్తోంది. చదునుమీద, ఖాళీబండితో ఎంత రేజ్ చేసినా ఇది కనపడదు. ఇంకొకటీ ఉంది. ఆయిల్ గేజి చూసేది ర్యాంపు మొదట్లో, ముక్కు పైకి ఉన్నప్పుడు. గేజి ముందువైపు ఉంది కాబట్టి ఆయిల్ తక్కువ చూపిస్తుంది. తక్కువైందని ఇంకా పోసేవారు. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ పోయేది.

నిజం తెలిసినవాణ్ని అక్కడే నలుగురిలో చెప్పాలి. చెప్పలేదు. ముందు బాగుచేసి, ఆ తర్వాత చెబుదామనుకున్నాను. బాగుచేయడంలో కూడా నా తెలివే చూపించాను. కొత్తరకం బండ్లలో బ్రీదర్ పైపును ఇంజన్ గాలి పీల్చే దారిలోకి కలుపుతారు. బయటికి పోయేది మళ్లీ లోపలికే పోతుంది. ఆ బండ్లలో మధ్యలో ఆయిల్‌ను ఆపే అమరిక ఉంటుంది. అది లేకుండానే ఒక రబ్బరు పైపు తెచ్చి నేరుగా కలిపేశాను. చుక్క నేల మీద పడకుంటే చాలనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే జరిగింది. నేను ర్యాంపు పైన నిలబడి ఉన్నాను. లోడుబండి సగం ఎక్కింది. ఒక్కసారి ఇంజన్ శబ్దం మారింది. గొంతు పెరిగి పెరిగి అరుపైంది. పైపులో చేరిన ఆయిల్ గాలితోపాటు ఇంజన్‌లోకి పోతోంది, డీజిల్‌కు బదులు అదే మండుతోంది. మేనల్లుడు భయపడి యాక్సిలేటర్ వదిలేశాడు, తగ్గలేదు. క్లచ్ తొక్కాడు. లోడు వదిలేసరికి ఇంజన్ ఇంకా రెచ్చిపోయింది, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. డీజిల్ ఆపే స్టాపర్ లాగాడు, ఆగలేదు. డీజిల్ ఆపితే ఆగే ఇంజన్ కాదు అది అప్పటికి. తెల్లటి పొగ గొట్టంలో నుంచి మబ్బులా వచ్చి ర్యాంపును కప్పేసింది. అందులో నుంచి మేనల్లుడు దూకి దొర్లుతూ వచ్చాడు. కింద గోతిలో ఆడవాళ్లు రాళ్లు ఏరుతున్నారు.

ర్యాంపు మధ్యలో ఉన్న అతను ఎర్రగుడ్డ పారేసి జారుతున్న బండి వెంట పరిగెత్తాడు. ఎడమచేత్తో అద్దం కమ్మీ పట్టుకుని, మెట్టు మీద కాలు జారి, మళ్లీ ఎక్కాడు. బ్రేకు తొక్కాడు. వెనకటైర్లు గులకరాళ్ల మీద జారుకుంటూ పోయి ర్యాంపు అంచున పేర్చిన గట్టురాళ్లను గుద్దాయి. ఆ రాళ్లు నాలుగు గోతిలోకి దొర్లాయి. కింద అరుపులు వినిపించాయి. స్టీరింగ్ మెలితిరిగిపోకుండా సిమెంటు కట్టు ఉన్న చేతిని దాని కమ్మీల మధ్యలోకి దోపి పట్టాడు. ఎడమచేత్తో పై గేరు వేశాడు. బ్రేకు మీద నిలబడి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి గుర్రంలా ఎగిరిపడింది, ఆ బరువు లాగలేక దడాలుమని ఇంజన్ ఆగిపోయింది.

పొగ విడిపోయాక చూస్తే కింద ఎవరికీ ఏమీ కాలేదు. అతని భార్య తలమీద తట్టతో అలాగే నిలబడి పైకి చూస్తోంది.

అతను బండి దిగాడు. చేతికట్టు రెండుముక్కలై వేలాడుతోంది. వేళ్ల దగ్గర రక్తం కారుతోంది. ర్యాంపు ఎక్కి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. బానెట్ కింద కొత్త రబ్బరు పైపు చూసే వచ్చాడు. ఎడమచేత్తో నా నోటిమీద గుద్దాడు. పడ్డాను. కాలర్ పట్టి లేపి మళ్లీ గుద్దాడు. ముందుపన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. చుట్టూ డ్రైవర్లు మూగారు, ఒక్కరూ అడ్డం రాలేదు. నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తాలని కూడా అనిపించలేదు.

"ఒకసారి నోటితో చంపబోయావు. ఇప్పుడు చేత్తో," అన్నాడు. "నా పెళ్లాం కిందుందిరా."

అని నన్ను వదిలేసి, గోతిలోకి నడిచిపోయాడు.

ఆ బండిని తాడుకట్టి నా షెడ్డుకు లాగించాను. వాచిన నోటితో ఐదురోజులు దానిమీదే ఉన్నాను. ఇంజన్ విప్పి చూస్తే ఒక పిస్టన్ గీసుకుపోయింది. రింగులన్నీ కొత్తవి వేశాను. బ్రీదర్ మూత లోపల, ఎగిరిపడే ఆయిల్ నేరుగా పైపులోకి పోకుండా అడ్డంగా రేకు ఒకటి వెల్డింగ్ చేయించాను. పాత బ్రేకుగాలి సిలిండర్ ఒకటి కోసి చిన్న డబ్బా చేశాను. దాని లోపల రెండు ఏటవాలు రేకులు పెట్టి, డ్రైవర్ క్యాబిన్ వెనక ఎత్తులో బిగించాను. బ్రీదర్ నుంచి లావుపాటి పైపు నిలువుగా దాంట్లోకి పోతుంది. గాలి రేకులకు తగిలి పైనున్న రంధ్రంలో నుంచి బయటికి వెళ్తుంది. తగిలిన ఆయిల్ కింద చేరి, ఇంకో సన్నపైపు గుండా మళ్లీ చాంబర్ అడుగుకే దిగుతుంది. ఆ సన్నపైపు మూతి ఆయిల్‌లో మునిగి ఉండాలి. లేకపోతే ఇంజన్ గాలి ఆ దారినే ఎదురుతన్ని ఆయిల్‌ను దిగనివ్వదు. మొదటిసారి పైన పెట్టి, తప్పు తెలిసి మళ్లీ విప్పి కింద పెట్టాను. గాలి పీల్చే దారికి పెట్టిన రంధ్రాన్ని మూసేశాను. ఆయిల్ చదునుమీదే, ఇంజన్ ఆపి పావుగంట ఆగాకే కొలవాలని డ్యాష్‌బోర్డుమీద రంగుతో రాశాను.

అన్నీ అయ్యాక అతని గదికి వెళ్లాను. తలుపు దగ్గర భార్య ఉంది. పాదం మీద కట్టు లేదు కానీ మచ్చ కనపడుతోంది. బండి తయారైందని, ఎక్కించి చూడాల్సింది ఆయనే అని, ఇంకొకరు ఎక్కిస్తే నాకు నమ్మకం లేదని చెప్పాను.

"ఆయన వస్తే ఆయనిష్టం. నువ్వు మాత్రం ఆ కొట్టినకాడ, ఆ మనుషుల ముందే చెప్పాలి," అంది.

అతను వచ్చాడు. కొత్తకట్టుతో ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తోనే గేరూ స్టీరింగూ చూసుకుంటూ నిండులోడుతో ర్యాంపు మూడుసార్లు ఎక్కించాడు. మూడుసార్లూ నేను పక్కన కూర్చున్నాను. డబ్బా పైరంధ్రానికి కట్టిన సీసాలో కాస్త తేమ తప్ప ఏమీ చేరలేదు. దాన్ని విప్పి తీసుకుని క్రషర్ దగ్గరికి నడిచాను. యజమాని కుర్చీలోనే ఉన్నాడు. భోజనాలకు వచ్చిన డ్రైవర్లూ ఆడవాళ్లూ అందరూ ఉన్నారు. వాలులో ఇంజనే ఆయిల్ పారబోసిందని, ఈ మనిషి తియ్యలేదని, నేను చూడకుండానే చెప్పానని చెప్పాను. ఊడిన పన్ను వల్ల మాట సరిగా రాలేదు. మళ్లీ చెప్పాను.

యజమాని లేచి నా చెంప మీద కొట్టాడు. డ్రైవర్ వైపు తిరిగి, సరే అయింది గదా, పో, రేపట్నించి బండెక్కు అన్నాడు.

డ్రైవర్ బండి తాళం తీసి యజమాని ముందు నేలమీద పడేశాడు. ఆ సాయంత్రమే భార్యాభర్తలిద్దరూ గది ఖాళీ చేశారు. ఈపూరు బస్సెక్కారని విన్నాను. అతని వేళ్లు రెండూ ఇక వంగలేదట. ఇప్పుడు వరికోత మిషన్ తోలుతున్నాడు.

ఇది జరిగి ఐదేళ్లు దాటింది. క్వారీ బండ్లు నా దగ్గరికి రావడం చాలాకాలంపాటు తగ్గిపోయింది. మొన్న ఎండాకాలంలో ఘాట్‌రోడ్డు మీద తిరిగే లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది. ఈపూరు నుంచి వస్తున్నానని, వాలులో ఆయిల్ పోతోందని దాని డ్రైవర్ చెప్పాడు. ఈపూరు నుంచి ఇంతదూరం ఎందుకు వచ్చావని అడిగాను. వాళ్ల బావ పంపాడన్నాడు. ఆ బావ ఎవరో అతను చెప్పకముందే తెలిసిపోయింది. కాసేపు చేతిలో పని ఆపి, మీ బావకు నామీద కోపం తగ్గిందా అని అడిగాను.

"ఏం తగ్గలేదు," అన్నాడు. "కానీ ఈ పని నీకే వచ్చన్నాడు."

లోడుతోనే ఉన్నావా అని అడిగి, ముందు ఏదైనా వాలు ఎక్కిద్దాం పద అని అతని పక్క సీట్లోకి ఎక్కాను.